మొటిమల ముఖానికి రోజూ ఏం రాయాలి? నెలకి ఆరేడు వందల్లో తేలాలి

లంకగట్టు:

మా చెల్లాయికి 19 ఏళ్లు. మాది ముమ్మిడివరం పక్క పల్లె. రోజూ స్కూటీ మీద అమలాపురం కాలేజీకి వెళ్లొస్తుంది. పొద్దున్న పదింటికల్లా ముఖం జిడ్డోడుతుంది.

నుదుటి మీద ఆవగింజలంత పొక్కులు లెక్కపెట్టలేనన్ని. బుగ్గల మీద, గడ్డం మీద ఎర్రగా చీము పట్టినవి ఎనిమిదో పదో. ముక్కు మీద బ్లాక్ హెడ్స్. తగ్గిన చోటల్లా గోధుమరంగు మచ్చలు. గుంటలు మాత్రం ఇంకా పడలేదు.

ఇప్పుడు వాడుతున్నవి చెబుతాను. ఒంటిసబ్బే ముఖానికీ. ఆదివారం సున్నిపిండిలో పసుపు, నిమ్మరసం కలిపి రుద్దుకుంటుంది. రాత్రిళ్లు చీముపొక్కుల మీద టూత్‌పేస్టు. ఇవి కాక మందుల షాపులో "మొటిమలకీ మచ్చలకీ ఇదే" అని ఇచ్చిన ట్యూబు మూడు వారాలుగా రాస్తోంది. తలకి రోజూ కొబ్బరినూనె. నీళ్లు బోరువి.

నెట్‌లో చూస్తే పది మెట్ల రొటీన్లు, ఒక్కో సీరం ఆరొందలు. మా వల్ల కాదు. నెలకి ఆరు వందలు, మహా అయితే ఏడు. ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు, ఎంత రాయాలి, ఎన్నాళ్లు చూడాలి? కంపెనీ పేర్లు వద్దండి, ట్యూబు మీద ఏ మందు ఎంత శాతం ఉండాలో చెబితే చాలు.


వశిష్ఠపాయ:

కొనేవాటికన్నా ముందు మానేవి చూద్దాం, వాటికి పైసా ఖర్చు లేదు.

నిమ్మరసం ఈ రోజే ఆపేయండి. దాని పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం అని చెప్పే కొలత) 2 దగ్గర ఉంటుంది, ముఖం చర్మానిది 5 దగ్గర. పైగా నిమ్మరసం ఆనవాలు మిగిలిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు నల్లమచ్చ లేస్తుంది, అది నెలల తరబడి పోదు. టూత్‌పేస్టు పొక్కును ఎండబెట్టినట్టే కనిపిస్తుంది, నిజానికి అందులోని మెంథాలూ నురగ వచ్చే సరుకూ చుట్టూ ఉన్న చర్మాన్ని మండిస్తాయి. మంట పెరిగిన చోట మచ్చ ముదురుతుంది. సున్నిపిండి మీద నాకేం కోపం లేదు, భోగినాడు ఒంటికి శుభ్రంగా నలుగు పెట్టుకోవచ్చు. చీము ఉన్న ముఖం మీద మాత్రం రుద్దుడు పనికిరాదు. రంధ్రం గోడ లోపలికి పగిలి, చీము పక్కకి పాకి, చిన్న పొక్కు కాస్తా గడ్డవుతుంది.

ఇంకోటి. మొటిమ మురికి వల్ల రాదు. బ్లాక్ హెడ్‌లో నలుపు దుమ్ము కాదు, గాలి తగిలి నల్లబడిన మెలనిన్. వెంట్రుక రంధ్రం లోపల రాలాల్సిన పాతచర్మం రాలక బిరడాలా బిగుసుకుంటుంది. కింద నూనె నిలవవుతుంది, ఆ నూనెలో ఎప్పుడూ ఉండే బాక్టీరియా పెరుగుతుంది, ఒళ్లు దాని మీద యుద్ధానికి దిగి వాపు తెస్తుంది. బిరడా లోపల ఉంటే పైన ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం లాభం? అందుకే ఫేస్‌వాష్ మీద డబ్బు పోయకండి. బిరడా పట్టకుండా చేసే మందు మీద పెట్టండి. ఆ మందు అడాపలీన్ 0.1 శాతం జెల్. దీనికి డాక్టరు చీటీ కావాలి. స్కిన్ డాక్టరే అక్కర్లేదు, మీ పీహెచ్‌సీ డాక్టరు గారు కూడా రాయొచ్చు. గర్భం ఉన్నవాళ్లూ, అనుకుంటున్నవాళ్లూ వాడకూడదు.

మొత్తం కొనాల్సినవి నాలుగే. సబ్బు కాని మామూలు ఫేస్‌వాష్, అడాపలీన్ జెల్, నూనె లేని పల్చటి మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, పీఏ+++ ఉన్న (ఎండని ఎంత ఆపుతుందో ట్యూబు మీద చెప్పే గుర్తులివి) జెల్ రకం సన్‌స్క్రీన్. టోనరూ, సీరమూ, స్క్రబ్బూ, షీట్ మాస్కూ ఏవీ వద్దు.

ధర చూసేటప్పుడు ఎమ్మార్పీ కాదు, రోజుకి ఎంత పడుతుందో చూడండి. ఉదాహరణకి లెక్క వేద్దాం, మీ ఊళ్లో ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. అడాపలీన్ 15 గ్రాముల ట్యూబు 300 అనుకుంటే, రాత్రికి పావు గ్రాము చొప్పున 60 రాత్రులు, అంటే రోజుకి 5 రూపాయలు. ఫేస్‌వాష్ 100 మిల్లీలీటర్లు 200 అనుకుంటే, పూటకి ఒక మిల్లీలీటరు చొప్పున 50 రోజులు, రోజుకి 4. మాయిశ్చరైజర్ 100 గ్రాములు 250, రాత్రికి గ్రాము, రోజుకి రెండున్నర. సన్‌స్క్రీన్ 50 గ్రాములు 350 అయితే, ముఖానికి గ్రాము పైచిలుకు పోతుంది కాబట్టి 40 రోజులు, రోజుకి దాదాపు 9. అంతా కలిపితే 20 రూపాయల 50 పైసలు, నెలకి 615. అన్నిట్లోకీ ఎక్కువ తినేది సన్‌స్క్రీనే అని గమనించారా? అది తక్కువ ధరలో ఎక్కడ దొరుకుతుందో వెతకడం మీద బుర్ర పెట్టండి. ఫేస్‌వాష్ దగ్గర బేరమాడితే మిగిలేది రోజుకి రూపాయి.

అన్నీ ఒకేసారి కొంటే మొదటి నెల 1,100 అవుతుంది. అక్కర్లేదు. మొదటి పక్షం రోజులూ ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ మాత్రమే. ఇన్నాళ్లూ నిమ్మా పేస్టూ పడ్డ చర్మం కాస్త కుదుటపడాలి కూడా. తర్వాత జెల్, సన్‌స్క్రీన్ తెచ్చుకోండి. సన్‌స్క్రీన్‌కి ఆ నెల చేతిలో డబ్బు ఆడకపోతే గొడుగూ, స్కూటీ మీద చున్నీ. అవి కూడా ఎండని ఆపేవే.


వశిష్ఠపాయ:

రాసే పద్ధతి విడిగా చెబుతున్నాను. అడాపలీన్ పని చెయ్యలేదనేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు.

రాత్రి ముఖం కడిగి, ఒత్తి తుడవండి, రుద్దొద్దు. పది, పదిహేను నిమిషాలు ఆగండి. తడి చర్మం మీద రాస్తే మందు ఎక్కువ లోపలికి పోయి మండుతుంది. ఈ గ్యాప్‌లో ముక్కుపుటాల మడతలకీ, పెదాల మూలలకీ, కంటి చివరలకీ కొంచెం వాజిలిన్ అద్దండి. మందు జారి చేరి కాల్చేది ఆ మూలలనే.

ఇప్పుడు కొలత. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబులోంచి గీతలా తీస్తే అర గ్రాము. అందులో సగం చాలు, బఠాణీ గింజంత. దాన్ని నుదుటి మీద ఒకటి, బుగ్గకొకటి, ముక్కు మీద ఒకటి, గడ్డం మీద ఒకటి, ఐదు చుక్కలు పెట్టి పల్చగా పులమండి. ముఖం మీద తెల్లగా కనిపించిందంటే ఎక్కువైనట్టే. పొక్కు ఉన్న చోటే చుక్క పెట్టడం తప్పు. ఈ మందు ఉన్న పొక్కుకి కాదు, ముందు ముందు పైకి రాబోయే పొక్కుకి. అందుకే ముఖమంతా.

మొదటి రెండు వారాలు సోమ, గురు వారాలు. తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు. చర్మం ఒప్పుకుంటే ఐదో వారం నుంచి రోజూ. మంట, పొట్టు లేవడం ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి దిగండి, మానెయ్యకండి. జెల్ ఆరాక మాయిశ్చరైజర్. బాగా సున్నితమైన చర్మమైతే మాయిశ్చరైజర్, జెల్, మళ్లీ మాయిశ్చరైజర్.

రెండో వారం నుంచి నాలుగో వారం మధ్యలో మొటిమలు పెరిగినట్టు కనిపించొచ్చు. లోపల దాగినవి ముందుగా పైకి తేలడం అది. చాలామంది "పడలేదు" అని ట్యూబు విసిరేసేది ఇక్కడే. తేడా తెలియడానికి ఎనిమిది వారాలు, తేల్చి చెప్పడానికి పన్నెండు. ఆదివారం పొద్దున్న ఒకే కిటికీ పక్క, ఒకే దూరం నుంచి ఫోటో తీసి పెట్టుకోమనండి. అద్దంలో రోజూ చూసుకునేవాళ్లకి మార్పు కనపడదు.


మందుల కౌంటరు:

తమ్ముడూ, పైవన్నీ సరే. మూడు వారాల నుంచి రాస్తున్న ఆ ట్యూబు సంగతి తేలనిదే ఏదీ మొదలుపెట్టకు. అట్టపెట్టె వెనక చిన్నక్షరాల్లో కంపోజిషన్ ఉంటుంది, అది చదివి ఇక్కడ పెట్టు. బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్.

స్టెరాయిడ్ రాయగానే ఎరుపు తగ్గుతుంది, రంగు తేలినట్టుంటుంది. అందుకే షాపువాడు ఇస్తాడు, కొన్నవాళ్లు మళ్లీ వస్తారు. కొన్ని వారాలు పోయాక చర్మం పల్చబడుతుంది, సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఒకే సైజు ఎర్రపొక్కులు ముఖమంతా లేస్తాయి. మానేస్తే భగ్గుమని మంట, దాంతో మళ్లీ రాస్తారు. ఇది మన దేశంలో ఎంత ముదిరిందంటే 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. కాగితం మీద నిబంధన ఉంది, కౌంటరు దగ్గర నోటిమాట మీదే అమ్మకం సాగుతోంది. ఈ మాట కౌంటరు ఇవతల నిలబడే చెబుతున్నాను.


లంకగట్టు:

చూశానండి. మొమెటసోన్ 0.1 శాతం, హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం అని ఉంది. మొదటి వారం బాగా తగ్గింది, ఇప్పుడు ఎండలోకి వెళ్తే బుగ్గలు మండుతున్నాయట. ఏం చెయ్యమంటారు?

ఇంకో సందేహం. నుదుటి మీద చిన్న పొక్కులు దురదగా ఉంటాయంటోంది. చెమట పట్టినప్పుడు మరీను. బుగ్గల మీదవి దురద పెట్టవు.


మందుల కౌంటరు:

అదే అనుకున్నాను. ఆ మూడు కలిపిన మందు మంగుమచ్చలకి డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడేది. మొటిమలకి కాదు.

ఆపించెయ్. మూడు వారాలే కాబట్టి పెద్ద తిప్పలు ఉండకపోవచ్చు, అయినా వారం పది రోజులు ఎర్రబడటం, మండటం, పొక్కులు పెరగడం ఉంటే కంగారుపడి మళ్లీ అదే రాయకూడదు. ఆ ఊబిలోనే జనం దిగబడేది. ఈ పది పదిహేను రోజులూ ముఖానికి మామూలు ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, ఎండకి గొడుగు. అంతే. ముఖం వాచినా, చీము నీరు కారినా ఆగకుండా డాక్టరు దగ్గరికి. ఆ ట్యూబులో ట్రెటినాయిన్ కూడా ఉంది, అది అడాపలీన్‌కి దగ్గరి చుట్టమే. అది ఆపిన మర్నాడే ఇది మొదలుపెడితే మంట మీద మంట. రెండు వారాలు గడవనీ. అడాపలీన్ చీటీ కోసం వెళ్లినప్పుడు ఈ ట్యూబు కూడా పట్టుకెళ్లి చూపించు, దాచొద్దు.

ట్యూబుల నిలవ గురించి ఒక ముక్క. మే నెలలో స్కూటీ డిక్కీలో సన్‌స్క్రీన్ గానీ జెల్ గానీ పెట్టొద్దు. ఎండలో నిలబడిన బండి డిక్కీ పొయ్యితో సమానం. రేకుల ఇల్లయితే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవచ్చు, గడ్డకట్టించకూడదు.


ఉప్పుటేరు:

దురద అన్నారు కదా, ఆ ఒక్క మాటతో కథ మారిపోయింది. నుదుటివీ బుగ్గలవీ ఒకటే జబ్బు కాకపోవచ్చు.

అన్నీ ఒకే సైజు, ఒకటి రెండు మిల్లీమీటర్లు, దురద, ఉక్కలో చెమట పడితే ఎక్కువ, బ్లాక్ హెడ్స్ జాడ లేదు. నుదురు, జుట్టు అంచు, వీపు పైభాగం, రొమ్ము మీద కనిపిస్తాయి. ఇలా ఉంటే చాలావరకు మలసేజియా అనే ఫంగస్ పని, చుండ్రుకి కారణమయ్యే దాని జాతే. అది అందరి చర్మం మీదా ఉంటుంది, నూనె దాని తిండి. మన డెల్టా ఉక్కకి తోడు జుట్టు నిండా నూనె ఉంటే దానికి పండగే. దీనికి యాంటీబయాటిక్ వాడితే బాక్టీరియా పోయి దీనికి ఇంకా చోటు దొరుకుతుంది. స్టెరాయిడ్ కూడా దీన్ని పెంచేదే, మూడు వారాల ట్యూబు చెయ్యి ఇందులో ఉండొచ్చు.

పరీక్షా, వైద్యమూ రెండూ ఒకే సీసాలో ఉన్నాయి. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ. తలంటుకునేటప్పుడు ఆ నురగనే నుదుటికి రాసి, కళ్లలో పడకుండా చూసుకుని, ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. వారానికి మూడుసార్లు, మూడు నాలుగు వారాలు. దురద తగ్గి పొక్కులు అణిగితే ఫంగస్సే. అంగుళం కదలకపోతే కాదు, అప్పుడు డాక్టరు కళ్లు కావాలి.

ఇక నూనె. కోనసీమలో కూర్చుని కొబ్బరినూనె మానమంటే కర్ర తీసుకుంటారని తెలుసు. మానక్కర్లేదు. తలంటుకునే ముందు రెండు గంటలు, కుదుళ్లకి కాదు, మధ్య నుంచి చివరల వరకు. నుదుటికి రెండు వేళ్ల దూరం వదలాలి. రాత్రంతా పెట్టుకుని పడుకుంటే ఆ నూనె దిండుకీ, దిండు నుంచి బుగ్గకీ చేరుతుంది. దిండు గలేబు వారానికి రెండుసార్లు మార్చాలి. ముఖానికి కొబ్బరినూనె అసలొద్దు, రంధ్రాలు మూసే నూనెల్లో అదొకటి.

బోరు నీళ్ల సంగతి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాకపోవడం, బక్కెట్టు అంచున తెల్లటి చార కట్టడం, ఈ రెండూ ఉంటే గడుసు నీళ్లు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టులా మారి చర్మాన్ని అంటుకుంటాయి. కడిగాక ముఖం లాగినట్టుండి, వేలితో రుద్దితే కిచకిచలాడేది అందుకే. అది శుభ్రమని మురిసిపోతాం. సబ్బు పీహెచ్ ఎలాగూ 9, 10. అదీ ఇదీ కలిసి చర్మం పై పొరని చెడగొడితే, దాని మీద అడాపలీన్ పడ్డప్పుడు మంట రెట్టింపు. కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో సముద్రం దగ్గరి ఊళ్లలో బోర్లు మరీ ఉప్పగా ఉంటాయి.

దీనికి ఫిల్టర్లు బిగించక్కర్లేదు. సబ్బు మాని, సబ్బు లేని ఫేస్‌వాష్‌కి మారితే తెట్టు కట్టడం ఆగిపోతుంది. ఆఖరున ఒక్క చెంబుడు తాగే నీళ్లతో ముఖం కడుక్కుంటే చాలు. ఇంటికొచ్చే 20 లీటర్ల టిన్ను నుంచి పూటకి అర లీటరు, రోజుకి లీటరు.

ఫేస్‌వాష్ నురగ చేతిలో చేసుకుని, మునివేళ్లతో అర నిమిషం, ముప్పావు నిమిషం. రోజుకి రెండుసార్లే. మధ్యాహ్నం జిడ్డు తేలితే కడగొద్దు, ఉతికిన చేతిరుమాలు ఆనించి ఒత్తి తీసెయ్యమనండి.


పంటబోదె:

అంతా ఒప్పుకుంటాను గానీ, ఇక్కడి గాలిలో మాయిశ్చరైజర్ ఏంటండీ బాబూ? పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. జిడ్డు ముఖం మీద ఇంకో క్రీము పులమడం డబ్బు దండగ. ఆ 250 మిగిలించి సాలిసిలిక్ యాసిడ్ సీరం కొనుక్కోవచ్చు, అది నూనెలో కరిగి రంధ్రంలోకి దిగుతుంది.


వశిష్ఠపాయ:

చెమట వేరు, చర్మంలోని తడి వేరు. జిడ్డుగా మెరుస్తున్న ముఖమే అడాపలీన్ మొదలెట్టిన పది రోజుల్లో గడ్డం దగ్గర పొట్టు లేస్తుంది. అప్పుడు మంటకి భయపడి మందు మానేస్తారు. మాయిశ్చరైజర్ ఉండేది ఆ మందు మానకుండా చూడటానికి. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మెత్తటి వెన్నలాంటివి కాకుండా గ్లిజరిన్, డైమెథికోన్ ఉన్న నీళ్లలాంటి జెల్ సరిపోతుంది. పగలు సన్‌స్క్రీన్ ఒక్కటే చాలు, కింద ఇంకోటి అక్కర్లేదు. మీరన్న దాంట్లో సగం నిజం అదే.

సాలిసిలిక్ యాసిడ్ గురించి మీరు చెప్పిన గుణం సరైనదే. అడాపలీన్‌కి చీటీ దొరకనివాళ్లకి 2 శాతం సాలిసిలిక్ మంచి రెండో దారి, మొదట వారానికి మూడు రాత్రులు. రెండూ ఒకేసారి మొదలుపెడితే మాత్రం ముఖం ఊడొస్తుంది. ఏ కొత్తదైనా ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో రెండు వారాలు. లేదంటే మండినప్పుడు దొంగ ఎవరో తేలదు. సాలిసిలిక్ ఉన్న ఫేస్‌వాష్‌కి ఎక్కువ ధర పెట్టడం కూడా దండగే, అర నిమిషంలో కడుక్కుపోయేది ఏం పని చేస్తుంది?


మందుల కౌంటరు:

చీము పట్టినవి అడాపలీన్ ఒక్కదానికే లొంగకపోతే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ జోడించొచ్చు. ఎనిమిది వారాలయ్యాక చూసుకోండి, ముందే కొనకండి. ఇది బాక్టీరియాని చంపుతుంది, దానికి బాక్టీరియా అలవాటుపడదు. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే అలవాటుపడి పనిచెయ్యదు. డాక్టరు అది రాస్తే బెంజాయిల్ కూడా జతగా ఉందో లేదో అడగండి. 10 శాతమైతే త్వరగా తగ్గుతుందని అడిగేవాళ్లు రోజుకి ఒకరైనా వస్తారు. 2.5 దాదాపు అంత పనీ చేస్తుంది, 10లో ఎక్కువయ్యేది మంటే.

పొద్దున్న బెంజాయిల్, రాత్రి అడాపలీన్. కలవకూడనివి ట్రెటినాయిన్, బెంజాయిల్. మామూలు ట్రెటినాయిన్‌ని అది పాడుచేస్తుంది. అడాపలీన్‌కి ఆ బాధ లేదు, రెండూ కలిపిన ట్యూబులే ఉన్నాయి.

బెంజాయిల్ రంగుబట్టల్ని తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరు పడ్డట్టు నారింజరంగు మరకలు, ఉతికితే పోవు. తువ్వాలు, గలేబు తెల్లవి పెట్టుకోవాలి. కాలేజీ యూనిఫాం వేసుకున్నాక కాదు, వేసుకునే ముందు రాసి, పూర్తిగా ఆరనిచ్చి, చేతులు సబ్బుతో కడిగి అప్పుడు బట్టలు ముట్టుకోవాలి. వీపు మీద మొటిమలుంటే స్నానానికి ఐదు నిమిషాల ముందు రాసి కడిగేస్తే సరి, చొక్కా బతికిపోతుంది.


పంటబోదె:

సరే, ఒప్పుకున్నాను. ఇంట్లో ఇంకో పేచీ ఉంటుంది చూడండి, మామిడిపళ్లు వేడి చేసి మొటిమలు వస్తాయని. పూతరేకులు, కాజాలు కూడా మానాలా?


ఉప్పుటేరు:

మామిడిపండు వేడి చేసి మొటిమ తెస్తుందనడానికి ఆధారం లేదు. అయితే కొత్తపల్లి కొబ్బరి రకం మామిడిపండు తొడిమె పీకి నోటితో లాగించేవాళ్లకి మూతి చుట్టూ పొక్కులు వస్తాయి. అది సొన తగిలి రేగిన చర్మం, మొటిమ కాదు. తొడిమె కోసి, సొన కారనిచ్చి, కడిగి తింటే రాదు.

తీపి సంగతి వేరు. రక్తంలో చక్కెరని గబుక్కున పెంచే తిండి మొటిమలని కొంత పెంచుతుందని చెప్పే అధ్యయనాలున్నాయి, పాలకి కూడా కొందరిలో సంబంధం కనిపించింది. జిమ్ము కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్ కూడా ఆ జాబితాలోదే. పండగనాడు నాలుగు పూతరేకులు తిన్నందుకు ఏం కాదు. రోజూ రెండు పూటలా కూల్‌డ్రింకు తాగే అలవాటు ఉంటే అది తగ్గిస్తే మంచిది, డబ్బు కూడా మిగులుతుంది, సన్‌స్క్రీన్‌కి పనికొస్తుంది.


వశిష్ఠపాయ:

మచ్చల గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. గోధుమరంగువి మొటిమ మానాక మిగిలిన రంగు మాత్రమే, చర్మం దెబ్బతినలేదు. వాటంతటవే పోతాయి గానీ మూడు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతాయి. కాబట్టి మచ్చలకి మొదటి మందు సన్‌స్క్రీనే, రెండోది అడాపలీన్. రెండూ ఎలాగూ వాడుతున్నారు. మొటిమలు అదుపులోకి వచ్చాక కూడా మచ్చలు మొండికేస్తే అజెలాయిక్ యాసిడ్ గురించి డాక్టరుని అడగండి, 10 నుంచి 20 శాతం దాకా దొరుకుతుంది, మొటిమలకీ మచ్చలకీ రెంటికీ పనిచేస్తుంది, గర్భిణులకి కూడా సాధారణంగా ఇస్తారు. గుంటలు పడితే మాత్రం ఏ క్రీమూ పూడ్చలేదు. గిల్లొద్దనేది అందుకే.

పన్నెండు వారాలు సరిగ్గా వాడినా తేడా లేకపోయినా, లోపల గట్టిగా నొప్పిపుట్టే గడ్డలు వచ్చినా, గుంటలు పడటం మొదలైనా ఇంక ఇంటి ప్రయోగాలు వద్దు. నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం కింద వెంట్రుకలు, దవడ చుట్టూ మొటిమలు, ఈ మూడూ కలిస్తే పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) ఉందేమో చూపించుకోవాలి. అప్పుడు పై పూత ఒక్కటే చాలదు. ప్రైవేటు ఫీజు భారమైతే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) చర్మవ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే ఓపీకి చేరుకోవాలి. ముఖానికి ఏమీ రాసుకోకుండా, వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లమనండి.


లంకగట్టు:

అందరికీ దండాలండీ. ట్యూబు ఆపించేశాను. ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ తెచ్చాను, కీటోకొనజోల్ షాంపూ కూడా. పక్షం తర్వాత పీహెచ్‌సీకి తీసుకెళ్తాను. ఒక్కటే మిగిలింది. స్కూటీ మీద చున్నీ ముఖానికి గట్టిగా కట్టుకుంటుంది. సన్‌స్క్రీన్ రాస్తే చున్నీకే అంటుకుపోతుంది కదా, ఎలా?


ఉప్పుటేరు:

బయల్దేరే ముందు పావుగంట ఆగితే జెల్ ఆరిపోతుంది, అప్పుడు పెద్దగా అంటదు. బిగించి కట్టడం తగ్గించాలి. చెమటలో బట్ట రాసుకుంటే ఆ రాపిడికే గడ్డం, దవడ మీద మొటిమలు లేస్తాయి, హెల్మెట్ పట్టీ కింద కూడా అంతే. సిల్కు, జార్జెట్ కాకుండా పల్చటి నూలు చున్నీ, వదులుగా. ముఖానికి ఆనే వైపు రోజూ ఒకటే ఉండాలి, తిరగేసి కట్టకూడదు. ఒక మూలకి చిన్న కుట్టు వేసి గుర్తు పెట్టుకుంటే సరి. రెండు చున్నీలు పెట్టుకుని రోజూ ఒకటి ఉతుక్కోవాలి. కాలేజీకి చేరగానే విప్పి, చెమట ఒత్తి తీసెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి ఎండలో తిరిగి బయల్దేరే ముందు ఇంకోసారి సన్‌స్క్రీన్. ఆ రెండో పూత కూడా కలిపితే 40 రోజుల ట్యూబు 20 రోజులకే అయిపోతుంది, లెక్కలో అది చూసుకోండి. సాయంత్రం గొడుగు పట్టుకుని బస్సులో వచ్చే రోజైతే రెండో పూత మానేసినా ఫరవాలేదు.